వారానికి రెండు సెషన్లు సరే, మిగతా రోజుల్లో ఇంట్లో ఏం చేయాలి?

"థెరపీకి వారానికి రెండుసార్లు తీసుకెళ్తున్నాం. ఇంట్లో మేం ఏం చేయించాలి?" మాట ఆలస్యమైన పిల్లల తల్లిదండ్రులు నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట పెడుతున్నాను.

ముందు లెక్క చూడండి. 45 నిమిషాల సెషన్లు రెండు కలిపితే గంటన్నర. బిడ్డ మెలకువగా ఉండే సమయం వారానికి 80 గంటలకు తక్కువ ఉండదు. అసలు సాధన జరగాల్సింది ఆ 80 గంటల్లోనే. అలాగని ఇంటిని క్లినిక్‌గా మార్చమనడం లేదు, బిడ్డను గంటసేపు కుర్చీకి అతికించి కార్డులు చూపించమనడమూ లేదు. స్నానం, బట్టలు, ఆట, పడక వంటి రోజూ ఎలాగూ జరిగే పనుల్లోనే బిడ్డకు మీతో ఏదో ఒకటి చెప్పాల్సిన అవసరం కల్పించాలి, కల్పించాక ఆగాలి. కింద ఉన్నదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

సుమారు ఏడాదిన్నర నుంచి ఐదేళ్ల వయసున్న, మాటలు లేని లేదా చాలా తక్కువగా ఉన్న పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కారణం ఆటిజం కావచ్చు, డౌన్ సిండ్రోమ్ కావచ్చు, ఇంకా ఏ పేరూ పెట్టని ఆలస్యం కావచ్చు. సాధన మొదలుపెట్టడానికి రోగనిర్ధారణ కాగితం చేతికి వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి

వినికిడి పరీక్ష చేయించారా? "పిలిస్తే పలుకుతాడు, తలుపు చప్పుడైతే తిరుగుతాడు" అన్నది పరీక్ష కాదు. చెవి మధ్య భాగంలో నీరు చేరిన పిల్లలకు ఒక వారం బాగానే వినిపిస్తుంది, మరో వారం మాటలన్నీ గోడ అవతల నుంచి వచ్చినట్టు ఉంటాయి. ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలకు బిడ్డ జవాబు చెప్పాల్సిన పని లేదు, నిద్రలో ఉండగానే చేస్తారు. ఇది తేలకుండా నెలల తరబడి సాధన చేయించడం వృథా శ్రమ.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా పిల్లల డాక్టరుకు చూపించండి: ఏడాది నిండినా "బాబాబా, దదద" లాంటి పలుకులు గానీ, చేయి ఊపడం, వేలు చూపడం వంటి సైగలు గానీ లేకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపలేకపోవడం. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం, ఏ వయసులోనైనా సరే, ఆ వారమే చూపించండి. "వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకే మాట్లాడాడు" అనే మాట వల్ల ఎన్ని ఇళ్లలో ఎంత విలువైన కాలం పోయిందో చెప్పలేను.

కావలసినవి

- వీడియో తీయడానికి ఫోను, రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం
- బిడ్డ సొంతంగా తెరవలేని, మూత గట్టిగా పట్టే పారదర్శకమైన డబ్బాలు రెండు మూడు
- సబ్బు బుడగల సీసా, బంతి, కీ ఇస్తే కదిలే బొమ్మ ఒకటి
- బిడ్డకు ప్రాణమైన వస్తువుల ఫొటోలు నాలుగైదు, అరచేతిలో పట్టేంత సైజులో
- రోజుకు రెండు మూడుసార్లు పదేసి నిమిషాలు, టీవీ, ఫోను ఆపేసిన గది

ఖరీదైన కిట్లు, జంతువుల ఫ్లాష్ కార్డులు, మాటలు నేర్పే యాప్‌లు ఈ జాబితాలో లేవు. కావాలనే రాయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలను తెర ముందు కూర్చోబెట్టకూడదు, ఆపై నాలుగేళ్ల వరకు రోజుకు గంటకు మించకూడదు.

1. ఇప్పుడు ఎక్కడున్నారో రాసుకోండి

రెండు వేర్వేరు రోజుల్లో పది నిమిషాల చొప్పున ఆట వీడియో తీయండి. తర్వాత చూస్తూ ఒక్కటే లెక్కపెట్టండి: మీరు అడగకుండా, బిడ్డ తనంతట తాను మీకు ఏదైనా తెలియజేసింది ఎన్నిసార్లు? చేయి పట్టి లాగినా, వస్తువు వైపు చూసి మీ వైపు చూసినా, శబ్దం చేసినా, మాట అన్నా అన్నీ లెక్కే. ఆ అంకె, తేదీ రాసిపెట్టుకోండి.

అదే వీడియోలో మీరు వేసిన ప్రశ్నలనూ లెక్కపెట్టండి. "ఇది ఏమిటి? రంగు ఏమిటి? ఆవు ఎలా అరుస్తుంది?" చాలామందికి ఇది చూశాక ముఖం ఎర్రబడుతుంది. ఫరవాలేదు, అందరి ఇళ్లలోనూ అంతే.

2. ముందు ఒంటిని కుదుటపరచండి

గెంతుతూ, గుండ్రంగా తిరుగుతూ ఉన్న బిడ్డకు గానీ, మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుని మూలకు చేరిన బిడ్డకు గానీ మాట నేర్పలేం. మూడు రోజులు గమనించి రెండు వరుసలు రాయండి: దేనికోసం ఎగబడుతోంది (గెంతడం, గట్టిగా హత్తుకోవడం, నోట్లో పెట్టుకోవడం), దేని నుంచి పారిపోతోంది (శబ్దం, జిగురు, జుట్టు దువ్వడం, చొక్కా వెనక ఉండే లేబుల్). పారిపోయేవాటిలో తీసేయగలిగినవి తీసేయండి. లేబుల్ కత్తిరించడానికి థెరపీ అక్కర్లేదు.

ఎగబడే పిల్లలకు సాధనకు ముందు ఐదారు నిమిషాలు కండరాలకు పని చెప్పండి. బట్టల బుట్టను గది ఈ చివరి నుంచి ఆ చివరికి నెట్టడం, సగం నీళ్లున్న చిన్న బకెట్ మోయడం, రెండు చేతులతో గోడను తోయడం, దిండ్ల మీద గెంతడం చాలు. శబ్దాలకు భయపడే బిడ్డకు చెవులు మూసే హెడ్‌ఫోన్లు గోల ఉన్న చోట మాత్రమే పెట్టండి. రోజంతా అలవాటు చేస్తే మామూలు శబ్దాలు కూడా భరించలేని స్థితి రావచ్చు.

జాగ్రత్తలు:

- ఊయల ఊగడం, గుండ్రంగా తిరగడం బిడ్డ ఇష్టం మేరకే సాగాలి. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా, ఆవలింతలు, వెక్కిళ్లు వచ్చినా వెంటనే ఆపండి. ఆపాక కూడా కాసేపు కనిపెట్టి ఉండండి.
- మూర్ఛ ఉన్న పిల్లలకు వేగంగా తిప్పే ఆటలు, మినుకుమినుకుమనే లైట్లు డాక్టరును అడగకుండా వద్దు.
- డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లలకు మెడ పైభాగంలోని ఎముకల కీలు వదులుగా ఉంటుంది. డాక్టరు సరేననే వరకు పల్టీలు, ట్రాంపోలిన్ వద్దు.
- కుదుటపడి నిద్రపోతారని కప్పే బరువు దుప్పట్లు చిన్న పిల్లలకు ప్రమాదం, ఊపిరి ఆడకపోవచ్చు. పైగా ఆటిజం ఉన్న పిల్లల మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో వాటివల్ల నిద్ర మెరుగుపడలేదు.
- బ్రష్‌తో ఒళ్లు రుద్దే పద్ధతిని వీడియో చూసి చేయవద్దు.

పైన చెప్పిన పనుల వెనక ఉన్నది ఇంద్రియాల సమన్వయం, అంటే శబ్దం, స్పర్శ, కదలిక వంటివాటిని మెదడు సర్దుకోవడం అనే ఆలోచన. దాన్ని ముందుకు తెచ్చినది ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఏయర్స్, 1970ల నాటి మాట. ఇలాంటి చికిత్సలకు ఆధారాలు పరిమితంగానే ఉన్నాయని తల్లిదండ్రులకు చెప్పాలని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం 2012లో సూచించింది. అందుకే మీ గీటురాయి ఒక్కటే కావాలి: ఈ ఐదు నిమిషాల పని తర్వాత బిడ్డ మీతో కుదురుగా ఆడుతోందా? నెల రోజులు చూసినా తేడా లేకపోతే ఆ పని మార్చండి.

3. ఒక్క సందర్భం ఎంచుకోండి

రోజూ జరిగేది, బిడ్డకు ఇష్టమైనది, కొద్ది నిమిషాల్లో మళ్లీ మళ్లీ చేయగలిగేది. స్నానంలో మగ్గుతో నీళ్లు పోయడం, ఊయల, బుడగలు, ఏదైనా ఒకటి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టిన ఇళ్లలో రెండో వారానికల్లా ఏదీ మిగలదు.

4. అవసరం కల్పించండి, ఆగండి

ఇక్కడే అందరూ తప్పుతారు, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

బుడగల సీసా తీసుకుని బిడ్డకు ఎదురుగా, కళ్లకు కళ్లు ఒకే ఎత్తులో ఉండేలా నేల మీద కూర్చోండి. రెండుసార్లు ఊదండి. మూత గట్టిగా బిగించి సీసాను బిడ్డ ముందు పెట్టండి. ఇక నోరు మూసుకోండి. ముఖంలో మాత్రం "ఇప్పుడేం జరుగుతుందో" అన్న ఆసక్తి కనిపించాలి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి.

మొదటి రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు. ఐదో అంకె దగ్గర సీసాను అటూ ఇటూ తిప్పుతుంది, మూత కొరికి చూస్తుంది. మీకు చేతులు దురద పెడతాయి, "ఏం కావాలి నాన్నా?" అన్న మాట నాలుక చివరికి వస్తుంది. ఆపుకోండి. ఏడెనిమిది దగ్గర సీసాను మీ ఒడిలోకి తోస్తుంది, లేదా మీ వేలు పట్టుకుని మూత మీద పెడుతుంది. మీరు ఎదురుచూస్తున్నది అదే. మాట కాకపోయినా అది మీతో చెప్పడమే. వెంటనే, అర క్షణం కూడా ఆలస్యం చేయకుండా "తియ్యి!" అంటూ మూత తీసి ఊదండి.

గమనించండి, "మూత తియ్యమని అడుగుతున్నావా బంగారూ?" అనలేదు. బిడ్డకు మాట వచ్చి ఉంటే ఏ మాట అనేదో ఆ మాటే అన్నాం, ఒక్కటే అన్నాం. "నువ్వు చెప్పు, చెప్తేనే తీస్తా" అని కూడా అనలేదు. మాట వినిపించాం, పని చేసేశాం. ఇలా ఐదారుసార్లు, బిడ్డకు విసుగు రాకముందే ఆపేయండి.

పది లెక్కపెట్టినా ఏమీ చేయకపోతే? సీసాను కొద్దిగా కదిలించి మరోసారి ఆగండి. అప్పటికీ లేకపోతే మీరే "తియ్యి" అని తీసేయండి. రెండుసార్లకు మించి ఆపవద్దు, ఏడుపు దాకా అసలే తేవద్దు. ఏడిస్తే వస్తుందన్న పాఠం తప్ప ఇంకేమీ మిగలదు.

కచ్చితమైన హద్దు ఒకటుంది. దాహానికి నీళ్లు, భోజనం, బాత్రూము, దెబ్బ తగిలినప్పుడు ఎత్తుకోవడం, వీటిని సాధన కోసం ఎప్పుడూ ఆపకూడదు.

బుడగలు నచ్చని పిల్లలకు: ఊయల ఆపి పట్టుకుని ఆగండి. తెలిసిన పాటలో చివరి మాట వదిలేయండి. ఒక కాలికి సాక్సు తొడిగి రెండోది చేతిలో పట్టుకుని మరచిపోయినట్టు కూర్చోండి. బిడ్డ కాలికి మీ చెప్పు తొడగబోండి, దీనికి నవ్వని పిల్లలు తక్కువ.

5. ఏ మాటలు, ఎన్ని మాటలు

రంగులు, అంకెలు, జంతువుల పేర్లు పక్కన పెట్టండి. "ఎరుపు" అని చెప్పగలిగిన బిడ్డ ఆ మాటతో ఏమీ సాధించుకోలేదు. పనికొచ్చే మాటలు ఇవి: ఇవ్వు, ఇంకా, రా, తియ్యి, ఎత్తుకో, అయిపోయింది, వద్దు. వీటిలో "వద్దు"ను ఇళ్లలో ఎవరూ నేర్పరు. వద్దని చెప్పే దారి లేని బిడ్డకు మిగిలేది విసిరేయడం, కొరకడం. తల అడ్డంగా ఊపినా, చేత్తో తోసినా "వద్దు" అని మీరు అని, వీలైనంత వరకు దాన్ని పక్కకు తీసేయండి.

ఎన్ని మాటలంటే, బిడ్డ వాడేదానికి ఒకటి ఎక్కువ. మాటలే లేకపోతే మీరు ఒక్క మాట. బిడ్డ "బంతి" అంటే మీరు "బంతి ఇవ్వు". "బంతి ఇవ్వు" అంటే మీరు "పెద్ద బంతి ఇవ్వు". ప్రశ్న ఒకటి వేస్తే, జరుగుతున్నదాన్ని చెప్పే మాటలు నాలుగైనా ఉండాలి.

విన్నదాన్నే తిరిగి అనే పిల్లల విషయంలో ఒక చిక్కు ఉంది. మీరు రోజూ "నీళ్లు కావాలా?" అంటారు, బిడ్డ దాహం వేసినప్పుడు మీ దగ్గరికి వచ్చి "నీళ్లు కావాలా" అంటుంది. అది అర్థం లేని చిలకపలుకు కాదు, అడగడమే. సరిదిద్దకండి. "నీళ్లు కావాలి" అని బిడ్డ తరఫున మీరు అంటూ గ్లాసు అందించండి. ఇకముందు గ్లాసు చూపించేటప్పుడు కూడా ప్రశ్న మాని అదే మాట అనండి.

ఇంట్లో రెండు భాషలున్నా కంగారు వద్దు. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. మీకు సహజంగా వచ్చే భాషలోనే మాట్లాడండి.

6. మాట రాకపోతే బొమ్మలు, సైగలు

నెల రోజులైనా నోటి మాట జాడ లేకపోతే ఫొటోలు బయటికి తీయండి. దీనికి మొదట్లో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఎదురుగా ఉన్నవారు బిడ్డకు ఇష్టమైన వస్తువు పట్టుకుంటారు, ఇద్దరి మధ్య దాని ఫొటో ఉంటుంది. బిడ్డ వస్తువు కోసం చేయి చాపగానే వెనక ఉన్నవారు మౌనంగా ఆ చేతిని ఫొటో మీదికి మళ్లించి, ఎదుటివారి చేతిలో పెట్టిస్తారు. ఎదుటివారు "బంతి!" అని వెంటనే బంతి ఇస్తారు. వెనకనుంచి చేసే సాయం క్రమంగా తగ్గి, చివరికి లేకుండా పోవాలి. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించిన పెక్స్ పద్ధతి మొదటి మెట్టు ఇదే. తర్వాతి మెట్లు మీ థెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

"బొమ్మలు అలవాటైతే ఇక మాట్లాడదేమో" అన్న భయం అందరికీ ఉంటుంది. ఈ విషయంపై జరిగిన అధ్యయనాలను 2006లో సమీక్షించినప్పుడు, బొమ్మలు, సైగలు, పరికరాలు వాడినందువల్ల మాట తగ్గిన పిల్లలు కనిపించలేదు. ఎక్కువమందికి కొద్దో గొప్పో పెరిగింది. ఫొటోలు బీరువాలో కాదు, బిడ్డ చేతికి అందే ఎత్తులో ఉండాలి.

దీన్ని పోలినట్టే కనిపించే మరో పద్ధతి ఉంది. బిడ్డ చేతిని గానీ మోచేతిని గానీ పెద్దవాళ్లు పట్టుకుని అక్షరాలు తాకిస్తారు, "ఇవన్నీ బిడ్డ మాటలే" అంటారు. పరీక్షించి చూస్తే ఆ మాటలు పట్టుకున్నవారివేనని తేలింది. దాని జోలికి పోకండి.

7. సాయం తగ్గించండి

మొదట చేయి పట్టి చేయిస్తారు. తర్వాత చేసి చూపిస్తారు. తర్వాత వేలు చూపితే చాలు. చివరికి ఆగి చూస్తే చాలు. ఒక మెట్టు మీద బిడ్డ నాలుగైదు రోజులు వరుసగా చేయగలిగితే కిందికి దిగండి. చాలా ఇళ్లలో మొదటి మెట్టు మీదే ఏడాది గడుస్తుంది, ఎందుకంటే చేయి పట్టి చేయిస్తే పని త్వరగా అయిపోతుంది.

బట్టలు వేసుకోవడం లాంటి పనులను చివరి నుంచి నేర్పండి. చొక్కా తల మీదుగా, చేతుల్లోంచి మీరే తొడగండి, పొట్ట మీదికి లాగడం మాత్రం బిడ్డకు వదలండి. అది వచ్చాక దాని ముందు అడుగు. ప్రతిసారీ పని పూర్తిచేసింది బిడ్డే అవుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

వచ్చినవాళ్ల ముందు "అమ్మమ్మకు చెప్పు, తాతయ్యకు చెప్పు" అని పరీక్ష పెట్టడం మొదటిది. రెండు మూడుసార్లు ఇలా జరిగితే ఉన్న మాట కూడా దాక్కుంటుంది.

గడ్డం పట్టుకుని ముఖం తిప్పి "నా కళ్లలోకి చూడు" అనడం మరొకటి. బలవంతపు చూపు ఎవరికీ పనికిరాదు. ఆసక్తిగా ఉన్నది మీ ముఖం దగ్గర పట్టుకుంటే చూపు తనంతట తనే వస్తుంది.

బూరలు ఊదించడం, నాలుక అటూ ఇటూ ఆడించడం వంటి వ్యాయామాలతో మాటలు వస్తాయని కొందరు గంటలు ఖర్చుపెడతారు. దానికి సరైన ఆధారాలు లేవు. మనం బుడగలు వాడింది ఊదించడానికి కాదు, అడిగించడానికి.

బిడ్డ ఉక్కిరిబిక్కిరై నేల మీద పడి ఏడుస్తున్నప్పుడు పాఠం చెప్పడం కూడా పొరపాటే. అప్పుడు మాటలు తగ్గించండి, లైటు తగ్గించండి, చుట్టూ చేరినవాళ్లను పంపించండి, దెబ్బ తగలకుండా చూసుకుంటూ దగ్గర్లో కూర్చోండి. అంతా సర్దుకున్నాక దానికి ముందు పది నిమిషాల్లో ఏం జరిగిందో నోటుపుస్తకంలో రాయండి. నాలుగైదుసార్లు రాసేసరికి కారణం కనిపించడం మొదలవుతుంది.

ఫలితం ఎలా చూసుకోవాలి

రెండు వారాలకోసారి, మొదట తీసినట్టే పది నిమిషాల వీడియో తీసి అదే లెక్క వేయండి. మాటల సంఖ్య ఒక్కటే చూస్తే నిరాశ తప్పదు, అది అన్నిటికంటే చివర కదిలే అంకె. వీటిని చూడండి: తనంతట తాను తెలియజేయడం పెరిగిందా? పది లెక్కపెట్టాల్సిన చోట ఇప్పుడు నాలుగుకే స్పందిస్తోందా? మీతో చేసేది నానమ్మతోనూ చేస్తోందా? బుడగలకు వాడిన "తియ్యి"ని తలుపు దగ్గర కూడా వాడిందా? ఒకచోట నేర్చింది మరోచోట వాడితేనే అది వచ్చినట్టు.

ఏదో ఒకటి కదిలితే సరైన దారిలోనే ఉన్నారు, రెండో సందర్భం జతచేయండి. రెండు నెలలు పద్ధతిగా చేసినా ఏదీ కదలకపోతే ముందు వస్తువును అనుమానించండి, అది బిడ్డకు నిజంగా ఇష్టమైనదేనా? తర్వాత వినికిడిని మళ్లీ పరీక్షించమనండి. అప్పుడు థెరపిస్టుతో కూర్చుని లక్ష్యం మార్చండి.

థెరపిస్టును కూడా అడగవలసినవి ఉన్నాయి. ఈ నెల లక్ష్యం ఏమిటో కొలవగలిగేలా రాసివ్వగలరా? సెషన్‌లో మీరు కూర్చుని చూడవచ్చా? తలుపు మూసుకుని పని చేసి, చివర్లో "బాగా చేశాడు" అని అప్పగించే చోట మీకు నేర్చుకునే వీలుండదు. పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చినా, ఒంట్లోని లోహాలు తీసేసే మందులు, ఆటిజానికి మూలకణాల ఇంజెక్షన్లు అన్నా లేచి వచ్చేయండి. లోహాలు తీసే మందుల వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

తర్వాతి సెషన్‌కు వెళ్లేటప్పుడు బాగా వచ్చిన వీడియో కాకుండా, కుదరని వీడియో తీసుకెళ్లండి. రెండు నిమిషాలది చాలు. మీరు ఎక్కడ తొందరపడ్డారో, బిడ్డ ఇచ్చిన ఏ సంకేతం మీ కంట పడలేదో థెరపిస్టుకు అందులో ఇట్టే కనిపిస్తుంది.